లేత్స అంటే పప్పా, లెన్సా? రీగాలో మైనస్ పవర్ కళ్లద్దాలు చేయించుకునేవారికి

మీరు రాసినదాన్ని ముందు ఒకసారి కుదించి చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. లాట్వియా రాజధాని రీగాకు చదువు కోసం వచ్చారు. సూపర్‌మార్కెట్‌లో మసూర్ పప్పు ప్యాకెట్ మీదా, కాంటాక్ట్ లెన్సులు అమ్మే షాపు అద్దం మీదా ఒకే మాట కనబడింది: లేత్సస్. దాని ఏకవచనాన్ని ఫోన్‌లో వెతికితే ఒకసారి 'దూకాడు' అని కూడా వచ్చింది. పెద్ద షాపులో 'లెన్సెస్' ఎక్కడున్నాయని అడిగితే బ్యాగు పట్టీల దగ్గరికి తీసుకెళ్లారు. ఇది సరదా భాగం. అసలు టెన్షన్ వేరే: రెండు కళ్లకూ మైనస్ ఆరున్నర సైట్, కళ్లద్దాలకు 1.74 ఇండెక్స్ తీసుకోమంటున్నారు, కాంటాక్ట్ లెన్సులకేమో మైనస్ ఆరు రాసిచ్చారు. ఈ రెండిట్లో ఎవరో తప్పు చేశారని మీ అనుమానం. కెమెరా లెన్స్‌ను కూడా లేత్స అనొచ్చా అని చివర్లో ఇంకో ప్రశ్న.

పవర్ విషయంలో ఎవరూ తప్పు చేయలేదు. 1.74 మాత్రం మీకు అక్కర్లేదని నా అభిప్రాయం, ఎందుకో లెక్కతో చూపిస్తాను. నేను మొదట విజయవాడలో ఫిట్టింగ్ ల్యాబ్‌లో పనిచేశాను, ఆ తర్వాత చాలా ఏళ్లుగా రీగాలో ఇదే పనిలో ఉన్నాను. కాబట్టి పప్పు సంగతీ పవర్ సంగతీ రెండూ చెప్పగలను.

ముందు మాట. లాట్వియన్‌లో 'సి' అక్షరాన్ని 'త్స' అని పలుకుతారు. ఆ శబ్దం మనకు కొత్తేమీ కాదు. చాప, చలి, చల్ల అనేటప్పుడు మన నోట వచ్చే చకారం అదే. లేత్స ఏకవచనం, లేత్సస్ బహువచనం. ఏకవచనంలో సాధారణంగా లెన్స్ అనే అర్థం. బహువచనంలో లెన్సులూ కావచ్చు, మసూర్ పప్పూ కావచ్చు. సర్కనాస్ లేత్సస్ అంటే ఎర్ర మసూర్ పప్పు, మన ఇళ్లలో మైసూర్ పప్పు అనేది. లేత్సు జుపా అంటే ఆ పప్పుతో చేసే సూప్. కొంటాక్ట్‌లేత్సస్ అంటే కాంటాక్ట్ లెన్సులు. కంటి లోపల పుట్టుకతో ఉండే లెన్స్ అత్స్ లేత్స. పక్కన ఏ మాట ఉందో చూస్తే చాలు, తికమక ఉండదు.

'దూకాడు' సంగతి వేరు. లేక్ట్ అంటే దూకడం. దానికి భూతకాలంలో 'అతను దూకాడు, ఆమె దూకింది' అనే రూపం అచ్చంగా లేత్స అనే రాస్తారు. పప్పుకూ దూకడానికీ సంబంధం లేదు, కాకతాళీయంగా కలిశాయి అంతే. ఆ క్రియలోంచి వచ్చిన ఒక మంచి మాట మీకు తరచుగా వినబడుతుంది, సౌల్లేక్త్స్. సూర్యోదయం అని అర్థం. ఈ దేశంలో సూర్యుడు దూకి పైకి వస్తాడన్నమాట. డిసెంబర్‌లో మాత్రం ఆ దూకుడు పెద్దగా కనిపించదు, పగలు ఏడు గంటలు కూడా ఉండదు.

ఇక పట్టీలు. లెన్‌త్సె అంటే భుజానికి తగిలించుకునే పట్టీ. బహువచనం లెన్‌త్సెస్. మీరు ఇంగ్లిష్‌లో లెన్సెస్ అన్నారు, షాపులో ఉన్నావిడకు లెన్‌త్సెస్ అని వినబడింది. బ్యాగు పట్టీలు చూపించడంలో ఆవిడ తప్పేమీ లేదు. ఇకమీదట కళ్లద్దాలకు బ్రిల్లెస్ అనండి, కాంటాక్ట్ లెన్సులకు కొంటాక్ట్‌లేత్సస్ అనండి. కళ్లద్దాల షాపు ఆప్తికా.

పప్పు పేరు గాజుకెందుకు వచ్చిందంటే, అది లాట్వియన్ల ఊహ కాదు. లాటిన్‌లో లెన్స్ అంటేనే మసూర్ గింజ. మొక్క శాస్త్రీయ నామం ఇప్పటికీ లెన్స్ కులినారిస్. 17వ శతాబ్దపు యూరప్ పండితులు శాస్త్రాన్ని లాటిన్‌లో రాసుకునేవారు. రెండు వైపులా ఉబ్బి, అంచు దగ్గర సన్నబడే గాజు బిళ్లకు ఆ గింజ పేరు పెట్టేశారు. ఇంగ్లిష్ ఆ లాటిన్ మాటను అలాగే తీసుకుంది కాబట్టి ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లకు అందులో పప్పు కనబడదు. మిగతా చాలా భాషలు తమ పప్పు పేరునే వాడుకున్నాయి. జర్మన్‌లో లిన్జె, చెక్‌లో చోచ్కా, హంగేరియన్‌లో లెన్చె, ఫిన్నిష్‌లో లిన్సీ, పక్కనే ఉన్న ఎస్టోనియాలో లాట్స్, లిథువేనియాలో లెషిస్, అన్నిట్లోనూ పప్పే, లెన్సే. అరబిక్‌లో పప్పు అదస్ అయితే లెన్స్ అదసా. మన ఎనిమిదో తొమ్మిదో తరగతి పుస్తకంలో కుంభాకార కటకం అని చదువుకున్నాం గుర్తుందా? మనవాళ్లకు అదే ఉబ్బులో కుండ కనబడింది.

ఒక చిన్న సంగతి. మీరు కొన్న ప్యాకెట్ బద్దలదైతే పోలిక సగమే కనబడుతుంది. పొట్టు తీయని ముడి మసూర్ గింజ తెచ్చి చూడండి, రెండు వైపులా ఉబ్బి ఉంటుంది, అది ద్వి కుంభాకార కటకం. బద్ద అయితే ఒక వైపు చదును, ఒక వైపు ఉబ్బు. అది కూడా లెన్స్ ఆకారమే, సమతల కుంభాకార కటకం అంటారు.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆ పేరు ప్లస్ లెన్సులకే సరిపోతుంది. 13వ శతాబ్దం చివర్లో ఇటలీలో మొదటి కళ్లద్దాలు వచ్చినప్పుడు అవి మసూర్ గింజలాంటివే, మధ్యలో మందం, అంచులో పలచన. చత్వారం వచ్చి దగ్గరి అక్షరాలు కనబడని పెద్దవాళ్ల కోసం చేసినవి. మన ఇళ్లల్లో తాతయ్యలు పేపర్ చదవడానికి పెట్టుకునేవి కూడా ఆ జాతివే. మీది మైనస్. మధ్యలో పలచన, అంచులో మందం, పూర్తిగా తలకిందులు. కంటిలోకి వచ్చే కాంతిని దగ్గరికి చేర్చడం కాదు, కాస్త విడదీసి పంపడం దాని పని. ఎందుకంటే మీ కన్ను ఇప్పటికే ఎక్కువగా దగ్గరికి చేరుస్తోంది, బొమ్మ రెటీనాకు ముందే పడుతోంది. పెద్ద నంబర్ ఉన్న మైనస్ వాళ్ల కష్టాలన్నీ లెన్స్ అంచులోనే ఉంటాయి. దీన్ని పట్టుకుంటే షాపులో ఏం అడగాలో, దేనికి డబ్బు పెట్టక్కర్లేదో అర్థమవుతుంది.

నంబర్ అంటే ఏమిటో ఒక మాట. డయాప్టర్ అనే కొలతను 1872లో ఫ్రెంచ్ కంటి వైద్యుడు ఫెర్డినాండ్ మొనోయె ప్రతిపాదించాడు. నాభ్యంతరాన్ని, అంటే లెన్స్ నుంచి కాంతి ఒకచోట చేరే బిందువు దాకా ఉన్న దూరాన్ని, మీటర్లలో తీసుకుని ఒకటిని దానితో భాగిస్తే వచ్చేది. మీకు ఆరున్నర కాబట్టి ఒకటిని ఆరున్నరతో భాగించండి, 0.154 మీటర్లు. అంటే అద్దాలు తీసేస్తే మీకు సుమారు పదిహేను సెంటీమీటర్ల దూరం దాకానే స్పష్టంగా కనబడుతుంది. నిద్ర లేవగానే ఫోన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తున్నారంటే కారణం ఇదే.

ఇప్పుడు ఇండెక్స్ లెక్క. ఇండెక్స్ అంటే ఆ పదార్థం కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె. మామూలు ప్లాస్టిక్ లెన్స్ సీఆర్-39 అయితే 1.50. ఆ పైన 1.60, 1.67, 1.74 ఉన్నాయి. అంకె పెరిగేకొద్దీ అదే పవర్‌కు తక్కువ వంపు చాలు, కాబట్టి అంచు పలచబడుతుంది. ఇంతవరకు షాపువాళ్లు చెప్పేది నిజమే. వాళ్లు చెప్పనిదేమిటంటే, అంచు మందం ఇండెక్స్‌తో మామూలుగా తగ్గుతుంది, కానీ ఫ్రేమ్ సైజుతో వర్గంలో పెరుగుతుంది. లెన్స్ మధ్య బిందువు నుంచి అంచు దాకా ఉన్న దూరాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించండి. వచ్చినదాన్ని పవర్‌తో గుణించండి. ఇండెక్స్ నుంచి ఒకటి తీసేసి, మిగిలినదాన్ని రెండు వేలతో గుణించి, దానితో భాగించండి. మధ్య మందం కంటే అంచు ఎన్ని మిల్లీమీటర్లు ఎక్కువుంటుందో సుమారుగా వస్తుంది.

మీ పీడీ, అంటే రెండు కనుపాపల మధ్య దూరం, రాయలేదు. 62 అనుకుందాం. ఫ్రేమ్ కాడ లోపల 52, 18 అని అంకెలుంటాయి. మొదటిది లెన్స్ వెడల్పు, రెండోది ముక్కు మీది వంతెన. రెండూ కలిపితే 70. మీ పీడీ 62, తేడా 8, కంటికి నాలుగు. అంటే లెన్స్ మధ్య బిందువును ముక్కు వైపు నాలుగు మిల్లీమీటర్లు జరపాలి. అప్పుడు చెవి వైపు అంచు 26కు నాలుగు కలిపి 30 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. పైన చెప్పిన లెక్క వేస్తే 1.60కి 4.9 మిల్లీమీటర్లు, 1.67కి 4.4, 1.74కి 3.95.

ఇప్పుడు 46, 18 ఫ్రేమ్ తీసుకోండి. మొత్తం 64, జరపాల్సింది కంటికి ఒక మిల్లీమీటరే. చెవి వైపు అంచు 24 దగ్గర. అదే పవర్‌కు 1.60 అయితే 3.1, 1.67 అయితే 2.8, 1.74 అయితే 2.5. మధ్య మందం ఎటూ మిల్లీమీటరో ఒకటిన్నరో ఉంటుంది, దాన్ని అన్నిటికీ కలుపుకోండి.

చూశారా? పెద్ద ఫ్రేమ్‌లో పెట్టిన ఖరీదైన 1.74 కంటే చిన్న ఫ్రేమ్‌లో పెట్టిన 1.60 పలచగా ఉంది. చిన్న ఫ్రేమ్‌లో 1.67 నుంచి 1.74కి వెళ్తే మీకు దక్కేది పావు మిల్లీమీటరు. దాని కోసం అంత తేడా డబ్బు పెట్టడం నాకు నచ్చదు. పెద్ద పెద్ద ఫ్రేములు ఇప్పుడు ఫ్యాషన్, కాదనను, కానీ ఆరు దాటిన మైనస్‌కు అవి శత్రువులు. ఫ్రేమ్‌లో మీ కన్ను మధ్యలో పడాలి, ఫ్రేమ్ మూలలు గుండ్రంగా ఉండాలి, కాస్త మందం ఉన్న ప్లాస్టిక్ ఫ్రేమ్ అయితే అంచును కప్పేస్తుంది. రిమ్‌లెస్ జోలికి వెళ్లకండి. సిలిండర్, అంటే ఒక దిక్కున మాత్రమే ఇచ్చే అదనపు పవర్, కూడా ఉంటే అంచు ఒక దిక్కున ఇంకాస్త పెరుగుతుంది. మీరు ఆ అంకె రాయలేదు కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు.

ఇండెక్స్ పెరిగితే ఇంకో రెండు ఖర్చులున్నాయి, అవి డబ్బువి కావు. ఒకటి రంగుల అంచు. లెన్స్ రంగులను ఎంత తక్కువగా విడదీస్తుందో చెప్పే అంకెను ఆబె నంబర్ అంటారు, ఎక్కువ ఉంటే మంచిది. సీఆర్-39కి 58 దాకా ఉంటుంది, చాలా 1.60 రకాలకు 40 చుట్టూ, 1.67, 1.74లకు 32, 33. పాలీకార్బొనేట్‌కు 30. మీలాంటి పవర్‌లో లెన్స్ పక్క నుంచి చూస్తే వీధి దీపం ఒక అంచున నీలంగా, ఇంకో అంచున ఎర్రగా కనబడుతుంది. కొందరు వారంలో అలవాటు పడిపోతారు, కొందరికి ఎప్పటికీ చిరాకే. పాలీకార్బొనేట్ పిల్లలకూ, ఆటలాడేవాళ్లకూ మంచిది, దెబ్బకు పగలదు. మీకు అది కారణం కాకపోతే వద్దు.

రెండోది ప్రతిబింబం. కోటింగ్ లేని 1.50 లెన్స్ ఒక్కో ముఖం దగ్గర పడిన కాంతిలో నాలుగు శాతాన్ని వెనక్కి పంపేస్తుంది. 1.74 అయితే ఏడు శాతం పైగా. రెండు ముఖాలున్నాయి కాబట్టి దాదాపు రెట్టింపు. అందుకే హై ఇండెక్స్ తీసుకుంటే యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ తప్పనిసరి, బేరమాడి దాన్ని తీయించేయకండి. బ్లూ కట్ అని, నీలి కాంతిని ఆపే కోటింగ్ ఇంకోటి అంటగడతారు. కంప్యూటర్ ముందు కళ్ల అలసటకు దానివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదనే 2023లో వచ్చిన కొక్రేన్ సమీక్ష, అంటే అప్పటిదాకా జరిగిన వైద్య పరిశోధనలను కలిపి చూసే సమీక్ష, తేల్చింది. ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఫిట్టింగ్ గురించి ఒక్క మాట, ఎందుకంటే నా సగం జీవితం అందులోనే గడిచింది. మైనస్ ఆరున్నరలో లెన్స్ మధ్య బిందువు మీ కనుపాప ముందు నుంచి రెండు మిల్లీమీటర్లు పక్కకు పడితే ఆ కంటికి 1.3 డయాప్టర్ల ప్రిజం పడుతుంది, అంటే బొమ్మ కాస్త పక్కకు జరిగి కనబడుతుంది. సెంటీమీటర్లలో జరిగిన దూరాన్ని పవర్‌తో గుణించడమే, దాన్ని ప్రెంటిస్ సూత్రం అంటారు. పవర్ అంతా కరెక్టుగా ఉన్నా తలనొప్పి వస్తోందని వచ్చేవాళ్లలో చాలామందిది ఈ కథే. కాబట్టి పీడీని రెండు కళ్లకూ కలిపి ఒకే అంకెగా కాకుండా, ఒక్కో కంటికి విడిగా, మీరు ఎంచుకున్న ఫ్రేమ్ ముఖానికి పెట్టాకే కొలవమనండి. ఎత్తు కూడా గుర్తు పెట్టమనండి. మన ఊళ్లో చాలా చోట్ల స్కేలు అడ్డం పెట్టి ఒక్క చూపులో రాసేస్తారు. ఒకటి రెండు పవర్‌కు నడిచిపోతుంది, మీకు నడవదు.

ఇక్కడి చీటీని రెత్సెప్తె అంటారు. మందుల చీటీకీ అదే మాట. లబా అత్స్ కుడి కన్ను, క్రెయిసా అత్స్ ఎడమ కన్ను. కొన్నిచోట్ల లాటిన్ పద్ధతిలో ఓడీ, ఓఎస్ అని ఉంటుంది. తాలుమమ్ అంటే దూరానికి, తువుమమ్ అంటే దగ్గరికి. దశాంశానికి ఇక్కడ చుక్క పెట్టరు, కామా పెడతారు. మైనస్ ఆరు కామా యాభై అని ఉంటే మైనస్ ఆరున్నరే. ఈ చీటీ పట్టుకుని సెలవుల్లో ఇండియా వెళ్లి అక్కడ లెన్సులు చేయించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, తప్పు లేదు. ఆర్డర్ తీసుకునేవాళ్లకు ఆ కామా సంగతి చెప్పండి. రీగాలో పరీక్ష చేసే ఆప్టోమెట్రిస్టుల్లో ఎక్కువమంది లాట్వియా విశ్వవిద్యాలయంలో చదివినవాళ్లే, అక్కడ ఆ విభాగం బలమైనది. పరీక్ష నాణ్యత గురించి బెంగ పెట్టుకోకండి.

ఇక కాంటాక్ట్ లెన్స్ మైనస్ ఆరు ఎందుకయింది? ఒక ప్రయోగం చేయండి. అద్దాలు పెట్టుకుని దూరంగా ఉన్న బోర్డు చూస్తూ, వాటిని ముక్కు మీద కాస్త కిందికి జార్చండి. బోర్డు మసకబారుతుంది. మైనస్ లెన్స్ కంటికి దూరం జరిగేకొద్దీ దాని బలం తగ్గినట్టే. తిప్పి చెప్తే, కంటికి దగ్గరైతే తక్కువ నంబరే సరిపోతుంది. కళ్లద్దాలు కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల ముందు ఉంటాయి, కాంటాక్ట్ లెన్స్ కంటి మీదే ఉంటుంది. 12 మిల్లీమీటర్లను మీటర్లలో రాస్తే 0.012. దాన్ని ఆరున్నరతో గుణిస్తే 0.078. ఆరున్నరను 1.078తో భాగిస్తే 6.03. అంటే మైనస్ ఆరు. మీ ఆప్టోమెట్రిస్ట్ సరిగ్గా లెక్క వేశారు. నాలుగు డయాప్టర్లు దాటితే ఈ సవరణ చేయాల్సిందే, అంతకు లోపల తేడా పట్టించుకోనంత చిన్నది. చాలా బ్రాండ్లలో మైనస్ ఆరు దాకా పావు చొప్పున, ఆ పైన అర చొప్పున దొరుకుతాయి. మీది సరిగ్గా ఆ సరిహద్దు మీద పడింది, అదృష్టమే. కళ్లద్దాల చీటీ చూసి ఆన్‌లైన్‌లో మైనస్ ఆరున్నర కాంటాక్ట్ లెన్సులు తెప్పించుకోవడం మాత్రం చేయకండి. అర డయాప్టర్ ఎక్కువ పవర్‌తో రోజంతా కన్ను కండరాన్ని బిగబట్టి పనిచేస్తుంది, సాయంత్రానికి కణతలు లాగుతాయి.

డబ్బా మీద పవర్ కాకుండా ఇంకో రెండు అంకెలుంటాయి. బీసీ అంటే లోపలి వంపు వ్యాసార్ధం, ఎక్కువగా 8.4 నుంచి 8.6 దాకా. డయా అంటే వెడల్పు, 14 చుట్టూ. ఇవి మీ కంటికి చూసి రాసినవి, బ్రాండ్ మారిస్తే మళ్లీ చూపించుకోవాలి. ఈ మెత్తని లెన్సు కూడా పప్పు ఆకారంలో ఉండదు, కంటి నల్లగుడ్డు మీద కూర్చోవడానికి గిన్నెలా వంగి ఉంటుంది. దీన్ని చేసినవాడు చెక్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో విఖ్టెర్లె. 1961 క్రిస్మస్ రోజుల్లో, ఇంట్లోనే, పిల్లల మెర్కూర్ బొమ్మల సెట్‌తోనూ సైకిల్ డైనమోతోనూ చిన్న యంత్రం కట్టి, తిరిగే అచ్చుల్లో ద్రవాన్ని పోసి మొదటి మెత్తని లెన్సులు తీశాడు.

నిజంగా మసూర్ గింజలా ఉండే లెన్స్ మీ దగ్గర ఒకటుంది, అది కంటి లోపలిది. రెండు వైపులా ఉబ్బెత్తు, వెడల్పు దాదాపు తొమ్మిది మిల్లీమీటర్లు, మందం నాలుగు. కంటి మొత్తం బలంలో దానిది ఇరవై డయాప్టర్ల లోపే, నలభై పైగా కార్నియాదే, అంటే కంటి ముందుండే పారదర్శక పొరదే. వయసుతో అది గట్టిపడితే చత్వారం, మసకబారితే శుక్లం. శుక్లం తీసి లోపల కృత్రిమ లెన్స్ పెట్టడం 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదలుపెట్టాడు. యుద్ధంలో విమానాల అద్దాలు పగిలి పైలట్ల కళ్లలో ఇరుక్కున్న పెర్‌స్పెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్కలను కన్ను సహించడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది.

ఇక్కడి వాతావరణంలో రెండు జాగ్రత్తలు. చలికాలం బయట మంచు, లోపల హీటర్ల పొడి గాలి, కాంటాక్ట్ లెన్సులు సాయంత్రానికి కంటికి అతుక్కున్నట్టు ఉంటాయి. రోజువారీ పారేసేవి తీసుకోండి, వేసుకునే గంటలు తగ్గించండి, మిగతా సమయం కళ్లద్దాలే. బయటి నుంచి లోపలికి రాగానే అద్దాల మీద ఆవిరి కమ్ముకుంటే మఫ్లర్‌తో తుడవకండి, కాసేపు ఆగితే అదే పోతుంది. ఉన్ని దారాల్లో ఇరుక్కున్న ఇసుక కోటింగ్‌ను గీసేస్తుంది. స్నేహితులు పిర్త్స్‌కు, అదే ఇక్కడి ఆవిరి స్నానానికి, పిలుస్తారు. వెళ్లండి, బాగుంటుంది. కానీ కాంటాక్ట్ లెన్సులు తీసి వెళ్లండి, నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి లెన్స్ కిందికి చేరితే చూపుకే ప్రమాదం. కుళాయి నీళ్లతో లెన్స్ కడగకూడదనేది కూడా అందుకే. కళ్లద్దాలు కూడా బయటే పెట్టండి. ఆ వేడికి ప్లాస్టిక్ వ్యాకోచిస్తుంది, పైనున్న కోటింగ్ అంతగా సాగదు, సాలెగూడులా సన్నగా పగులుతుంది. మే నెలలో కారు డాష్‌బోర్డ్ మీద అద్దాలు పెట్టి వదిలేసినప్పుడు మన దగ్గర జరిగేది కూడా ఇదే.

కెమెరా ప్రశ్న మిగిలింది. కెమెరాకు బిగించే మొత్తం లెన్స్‌ను లాట్వియన్‌లో ఆబ్యెక్తీవ్స్ అంటారు. దాని లోపల ఉండే ఒక్కో గాజు ముక్క లేత్స. భూతద్దం లూపా. కాబట్టి కెమెరా షాపులో లేత్స కావాలంటే అర్థమవుతుంది గానీ వింతగా చూస్తారు. ఈ ఊరికి కెమెరా లెన్స్‌తో పెద్ద చరిత్రే ఉంది. అరచేతిలో ఇమిడిపోయే మినాక్స్ కెమెరాను రూపొందించిన వాల్టర్ జాప్ 1905లో రీగాలోనే పుట్టాడు. 1938లో దాని ఉత్పత్తి ఇక్కడి వీఈఎఫ్ ఫ్యాక్టరీలో మొదలైంది. దాని ఆబ్యెక్తీవ్స్ పేరు మినోస్టిగ్‌మాట్, అందులో మూడు లేత్సస్. నాభ్యంతరం 15 మిల్లీమీటర్లు, అపెర్చర్, అంటే కాంతి లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్ 3.5, దాన్ని మార్చే వీలే లేదు. ఫిల్మ్ మీద పడే బొమ్మ 8 మిల్లీమీటర్లు ఎత్తు, 11 వెడల్పు. ఇరవై సెంటీమీటర్ల దగ్గర నుంచి కూడా ఫోకస్ అవుతుంది, కాగితాలను ఫోటో తీయడానికి గూఢచారులకు అంత ఇష్టమైంది అందుకే. ఆప్టిక్స్ మీద అంత ఆసక్తి ఉంటే వీలు చూసుకుని బల్డోనె కూడా వెళ్లండి, రీగాకు దగ్గరే. అక్కడి అబ్జర్వేటరీలో 1966లో పెట్టిన ష్మిట్ టెలిస్కోప్ ఉంది, యేనాలోని కార్ల్ జైస్‌లో తయారైంది. దాని ముందు 80 సెంటీమీటర్ల సవరణ పలక ఉంటుంది. చూడటానికి చదునైన గాజులా ఉంటుంది, కానీ అదీ ఒక రకం లెన్సే.

ఇక మీ పని. ఫ్రేమ్ ఎంచుకున్నాక దాని కాడ లోపల ఉన్న రెండు అంకెలు, ఒక్కో కంటి పీడీ, సిలిండర్ ఉంటే అది, దాని దిక్కు చెప్పే యాక్సిస్ అంకెతో సహా ఇక్కడ రాయండి. 1.60కి, 1.67కి అంచు ఎంత వస్తుందో లెక్కేసి చెప్తాను, అప్పుడు షాపుకు వెళ్లి ఆర్డర్ ఇవ్వండి.